కంపితము, యంత్రకంపనము: గేయసేకర్త తెలిసికొనవలసిన కొన్ని విషయములు

చిలమత్తూరు ప్రాంతమున సేకరింపబడిన ఒక తత్త్వగేయపు ధ్వనిముద్రణము కొంతకాలము క్రిందట మా పరిశీలనకు వచ్చినది. పాడినవాడు వృద్ధుడు. ఒక చేత తంబుర, వేరొక చేత చిడతలు పట్టి, తాను చిన్ననాట గురువు నోట విన్న పదమును ఆద్యంతము పాడినాడు. అందొక చరణమున 'కళలు' అని యున్నదా, 'కలలు' అని యున్నదా యను సంశయము మాకు కలిగెను. 'కళలు' అనునదే పాఠమైనచో ఆ చరణము చంద్రుని పదునారు కళలను సూచించును; అర్థము యోగపరమగును. 'కలలు' అనునది పాఠమైనచో సంసారము స్వప్నతుల్యమను వైరాగ్యబోధ యగును. ఒక్క యక్షరముతో గేయభావమే మారుచున్నది. మేము ఆ ముద్రణమును పలుమార్లు వింటిమి, నిశ్చయింపజాలకపోతిమి.

దోషము వృద్ధుని ఉచ్చారణమున లేదు. గేయమును సేకరించిన విద్యార్థి అది వినుటకు మరింత ఇంపుగా నుండవలెనని తలచి, కంప్యూటరులోని సంగీతనిర్మాణ సాఫ్టువేరుతో దానికి కోరస్, ఫ్లాంజర్ అను రెండు ప్రక్రియలను జోడించినాడు. పిదప ఫోనులో చోటు చాలలేదని మూలముద్రణమును తుడిచివేసినాడు. మేము సంశయము తీర్చుకొనగోరు నాటికి ఆ గాయకుడు కీర్తిశేషుడు. ఇప్పుడు మన చేతిలో నున్నది అలంకృతమైన ప్రతిబింబము మాత్రమే, బింబము లేదు.

విద్యార్థిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ ప్రక్రియలు ధ్వనిని ఏమి చేయునో అతనికి చెప్పినవారు లేరు. తాళపత్రప్రతిని చేతబట్టు విధమును, పాఠాంతరములను గుర్తించు విధమును మనము బోధించుచున్నాము. కాని నేటి మౌఖికసాహిత్యమునకు తాళపత్రము ధ్వనిముద్రణమే. ఆ పత్రముపై ఏ రంగు పూసిన ఏ అక్షరము మాయునో మనము బోధింపకున్నాము. ఈ కొరతను కొంతవరకైన తీర్చుటకే ఈ వ్యాసము. సంగీతనిర్మాణ సాఫ్టువేరులలో 'మాడ్యులేషన్' అను పేరున ఒక గుంపుగా కనబడు ప్రక్రియలు ఎట్లు పనిచేయును, వానిని ఎచ్చట వాడవచ్చును, ఎచ్చట వాడరాదు అను విషయములను యథాశక్తి వివరింతుము.

పదవిచారము

ముందుగా పేరును గూర్చి. 'మాడ్యులేషన్' అను పదమునకు పాశ్చాత్యసంగీతశాస్త్రమున ఒక యర్థము, ధ్వనియంత్రశాస్త్రమున వేరొక యర్థము కలవు. సంగీతశాస్త్రమున అది ఒక ఆధారస్వరమునుండి వేరొక ఆధారస్వరమునకు మారుట. మన గ్రహభేదమునకు దూరపు చుట్టము. యంత్రశాస్త్రమున అది ఒక సంకేతము యొక్క గుణమును వేరొక సంకేతము ననుసరించి మార్చుట. మనకు ప్రస్తుతమైనది ఈ రెండవ యర్థము. దీనికి 'యంత్రకంపనము' అను పేరును ఈ వ్యాసమున వాడుచున్నాము. ఇందలి రకములకు మాత్రము సాఫ్టువేరులో కనబడు పేర్లనే గ్రహించితిమి. విద్యార్థి తెరపై చూచునవి ఆ పేర్లే కనుక వానిని మార్చిన ప్రయోజనము లేదు.

యంత్రకంపనమున రెండు సంకేతములు ఉండును. ఒకటి మనము వినదలచిన నాదము. రెండవది మనకు స్వయముగా వినబడక, మొదటిదానిని వెనుకనుండి ఊపు నెమ్మదియైన తరంగము. దీనిని 'మందడోలకము' అందుము. సామాన్యముగా దీని వేగము సెకనునకు 20 ఊపులకు లోపుగా నుండును. మానవశ్రవణమునకు నాదముగా తోచు కనిష్ఠ పౌనఃపున్యము సుమారు 20 హెర్ట్జులే కనుక, డోలకము ఆ హద్దునకు దిగువనున్నంతవరకు మనకు అది స్వరముగా గాక ఊపుగానే తోచును. ఊయెల కనబడకున్నను అందలి శిశువు ఊగుట కనబడినట్లు, డోలకము వినబడదు, దాని ఫలమే వినబడును.

ఏ ప్రక్రియను తెరచినను తెరపై ఇంచుమించు ఈ నాలుగు మీటలే కనబడును. మొదటిది వేగము, అనగా సెకనునకు ఎన్ని ఊపులు. రెండవది లోతు, అనగా ఊపు ఎంత దూరము పోవలెను. మూడవది ఆకృతి, అనగా ఊపు నునుపుగా వంగునా, త్రికోణమువలె ఎక్కి దిగునా, చతురస్రమువలె ఒక్కమారుగా మారునా. నాలుగవది పాలు, అనగా మూలనాదమున ఈ మారిన నాదమును ఎంత కలుపవలెను. ఈ నాలుగింటిని గ్రహించినవానికి పేర్ల సంఖ్య ఎంత పెరిగినను భయము లేదు.

శార్‌ఙ్గదేవుని వేగవిభాగము

ఈ భావము మనకు క్రొత్తది కాదని చూపుటకు దూరము పోనక్కరలేదు. పదుమూడవ శతాబ్దమున శార్‌ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున పదునైదు గమకములను పేర్కొన్నాడు. వానిలో కొన్నింటిని అతడు కేవలము వేగమునుబట్టియే వేరుపరచినాడు. తిరిపము ద్రుతములో నాలుగవ వంతు కాలమున నడచు కంపము, స్ఫురితము మూడవ వంతున, కంపితము సగమున, లీనము పూర్తి ద్రుతమున, ఆందోళితము లఘువున, ప్లావితము ప్లుతమున నడచును.

దీనిని నేటి మాటలలోనికి మార్చి చూతము. రెండు ద్రుతములు ఒక లఘువు. మూడు లఘువులు ఒక ప్లుతము. లెక్క సౌకర్యమునకై లఘువును ఒక సెకనుగా ఊహించి, ఆయా కాలమున ఒక్కొక్క ఊపు పూర్తియగునని భావించినచో, తిరిపము సెకనునకు 8 ఊపులు, స్ఫురితము 6, కంపితము 4, లీనము 2, ఆందోళితము 1, ప్లావితము మూడు సెకనులకు ఒకటి యగును. సాఫ్టువేరులలోని వేగపుమీట సామాన్యముగా తిరుగు పరిధి ఇదియే. లఘుప్రమాణము నిక్కముగా ఒక సెకను అని మేము వాదించుట లేదు. కంపమును వేగముచేత వర్గీకరింపవచ్చునను బుద్ధి ఆ శాస్త్రకారునకు స్పష్టముగా కలదని మాత్రమే మా మాట.

తెలుగువారికి ఇచ్చట వేరొక విశేషము కలదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమున ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శిని తెలుగులిపిలో అచ్చయిన గ్రంథము. అందు స్వరములతోపాటు గమకములకును ప్రత్యేకమైన గుర్తులు కలవు. కంపితమునకు అలవంటి గీత గుర్తు. నేడు తెరపై మందడోలకమునకు వేయు బొమ్మయు అలవంటి గీతయే. దీక్షితులవారి కాలమున ఆ గీత గాయకునకు సూచన. నేడు యంత్రమునకు ఆజ్ఞ. ఈ భేదము చిన్నది కాదు. దీనిని మరల ప్రస్తావింతుము.

ప్రక్రియాభేదములు

ఇక రకములు. నాదము యొక్క బలమును, అనగా బిగ్గరతనమును, హెచ్చించి తగ్గించునది ట్రెమొలో. శ్రుతిని పైకి క్రిందికి ఊపునది వైబ్రాటో. ఈ రెంటిని సంగీతజ్ఞులే తరచు తారుమారుగా వాడుచుందురు. దీపపు వెలుగు పెరిగి తరుగుట ట్రెమొలో; దీపమే అటునిటు జరుగుట వైబ్రాటో అని విద్యార్థులకు చెప్పవచ్చును.

మూలనాదమునకు ఒక ప్రతిని చేసి, దానిని సుమారు 15 మొదలు 35 మిల్లీసెకనుల వరకు ఆలస్యముగా పలికించి, ఆ ఆలస్యమును డోలకముచే ఊపి, మూలముతో కలుపునది కోరస్. ఆలస్యము మారుచున్నప్పుడు ప్రతి యొక్క శ్రుతియు మారును. సమీపించుచు దూరమగుచు పోవు రైలుకూత హెచ్చి తగ్గినట్లు వినబడుటకును ఇదియే కారణము. ఫలితముగా ఒక కంఠము పలుకంఠములవలె తోచును. ఆలస్యము 1 మొదలు 10 మిల్లీసెకనుల లోపున నుండి, బయటికి వచ్చిన నాదములో కొంత భాగము మరల లోనికి పంపబడినచో అది ఫ్లాంజర్. విమానము పైగా పోవునప్పటి ఊపిరివంటి ధ్వని దీని గుర్తు. ఆలస్యమునకు బదులు నాదములోని వేర్వేరు పౌనఃపున్యముల దశలను మాత్రము జరుపు శోధకములను వరుసగా అమర్చి, ఆ ఫలమును మూలముతో కలిపినచో అది ఫేజర్.

డోలకము వేగము 20 హెర్ట్జులను దాటినచో ఊపు పోయి, నాదమునకు ఇరుప్రక్కల క్రొత్త నాదములు పుట్టును. 440 హెర్ట్జుల స్వరపు బలమును సెకనునకు 5 మార్లు ఊపినచో గణితరీత్యా 435, 445 హెర్ట్జుల పార్శ్వనాదములు కలుగును గాని, చెవి వానిని విడదీయజాలక కంపముగా గ్రహించును. అదే 100 మార్లు ఊపినచో 340, 540 హెర్ట్జుల నాదములు విడిగా వినబడును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో వైబ్రాటోను అతివేగముగా నడపి చూచి ఈ త్రోవను శ్రుతికంపమున కనుగొన్నాడు, 1973లో ప్రకటించినాడు. 1983లో వెలువడిన యమహా డీఎక్స్7 వాద్యము దాని ఫలమే. కంపితమునకును నాదగుణమునకును నడుమ గోడ లేదనియు, వేగమొక్కటే భేదమనియు దీనివలన తేలుచున్నది.

ఈ ప్రక్రియలలో పెక్కు కంప్యూటరు సాఫ్టువేరులోనికి రాకముందే పుట్టినవి. 1940వ దశాబ్దపు తొలినాళ్ళలో డోనల్డ్ లెస్లీ తిరుగు ధ్వనిపేటికను నిర్మించి, నాదమునకు భ్రమణముచేత కంపము కల్పించినాడు. 1966లో లండను నగరపు ఇ.ఎమ్.ఐ. ధ్వనిముద్రణశాలలో కెన్ టౌన్సెండ్ అను సాంకేతికుడు, గాయకుడు ఒకే పాటను రెండుమార్లు పాడు శ్రమ తప్పించుటకై, టేపుయంత్రములతో ఒక గళమును రెండుగా వినిపించు ఉపాయమును కల్పించినాడు. 1976లో రోలండ్ సంస్థవారి సీఈ-1 అను కోరస్ పెట్టె బజారునకు వచ్చినది. సాఫ్టువేరు ఈ పెట్టెల గుణములను అంకెలలోనికి మార్చుకొన్నది. 2000లో తొలి కూర్పు వెలువడిన ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్టువేరు మూలమున ఇవి నేడు ఏ గ్రామమునందలి విద్యార్థికైనను చేతికందుచున్నవి.

పీఠభూమిలోని సహజకంపములు

చిలమత్తూరు మండలము కర్ణాటకపు సరిహద్దున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు అనంతపురము జిల్లాలోనిది. పిదప శ్రీసత్యసాయి జిల్లాలోనిది. ఉమ్మడి జిల్లా యొక్క సాలుసరి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన తప్పిన యేట వలస తప్పదు. ఈ మాట ఇచ్చట అప్రస్తుతము కాదు: గేయము తెలిసిన కుటుంబము బెంగుళూరుకు తరలిపోయినప్పుడు గేయమును తరలిపోవును. ఈ ప్రాంతమున ముద్రణమునకు రెండవ అవకాశము దొరకుట అరుదు.

సరిహద్దునకు ఆవలనున్న బాగేపల్లి సీమయందును తెలుగే వినబడును. కైవారము నారాయణ తాత తెలుగునను కన్నడమునను తత్త్వములు రచించెను. ఇవతల హిందూపురము దారిని లేపాక్షి వీరభద్రాలయము కలదు. పదునారవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమున వెలసిన ఆ ఆలయపు నాట్యమండపమున రంభ నర్తించుచుండగా తుంబురుడు వీణను, బ్రహ్మ మద్దెలను వాయించుచున్నట్లు స్తంభములు చెక్కబడినవి. శిల్పమున కదలని నాదము ఇది. గ్రామములందు కదలు నాదము వేరు.

ఆ కదలు నాదమున యంత్రకంపనములకు అన్నింటికిని సహజరూపములు కలవు. తత్త్వగాయకుని తంబురనే చూడుడు. ఒకే శ్రుతికి సవరింపదలచిన రెండు తంత్రులు 200, 202 హెర్ట్జుల యొద్ద నిలిచినచో సెకనునకు రెండు మార్లు నాదము పొంగి తగ్గును. ఇది సహజమైన ట్రెమొలో. శాస్త్రీయసంగీతపు తంబురలో తంత్రికిని గుర్రమునకును నడుమ జీవ యను నూలుపోగు నుంతురు. దానివలన నాదము నిలిచియున్నను అందలి ఉపస్వరములు ఒకదాని వెంట నొకటి మెరసి మరుగగును. మీటినచోట లేకపోవలసిన ఉపస్వరములు సైతము తంబుర, వీణల గుర్రపు వంపు మూలమున పుట్టునని సి.వి. రామన్ 1921లో ప్రకటించినాడు. ఫేజర్ చేయజూచు పనికి ఇది సజీవమైన ఉదాహరణము.

అనంతపురపు సీమలో ఉరుములవారు వాయించు ఉరుమును గమనింపుడు. దాని యొక ముఖమును పుల్లతో రాచుదురు. ఒత్తిడి హెచ్చుతగ్గులనుబట్టి నాదము మూల్గుచు ఎక్కి దిగును. శ్రుతియు బలమును ఏకకాలమున ఊగుచున్నవి. ఇక చెక్కభజన. గురువు ఒక చరణము పాడగా బృందము దానిని మరల అందుకొనును. పదిమంది కంఠములు ఒకే శ్రుతిలో నున్నట్లుండియు ఏ రెండును సరిగా కలియవు. ఏ రెండును ఒక్క క్షణమున ప్రారంభము కావు. ఆ స్వల్పభేదమే బృందగానపు నిండుతనమునకు కారణము. కోరస్ ప్రక్రియ అనుకరింపజూచునది దీనినే. కావున చెక్కభజన ముద్రణమునకు కోరస్ జోడించుట పాలలో పాలపొడిని కలుపుట వంటిది. నిండుతనము పెరుగదు; ఉన్న రుచి చెడును.

నష్టము ఎట్లు కలుగును

ఇప్పుడు మొదటి సంశయమునకు వత్తము. 'ల'కార 'ళ'కారముల భేదము శబ్దతరంగమున ఎచ్చట నున్నది? నాలుక కొన పంటి చిగురును తాకిన 'ల'. వెనుకకు మడిగి అంగిటిని తాకిన 'ళ'. మడత వలన నోటిలోని మూడవ అనునాదము క్రిందికి దిగి రెండవదానిని సమీపించును. ఈ మార్పు ముఖ్యముగా 1500, 3000 హెర్ట్జుల నడుమ జరుగును. చెవి ఆ చిన్న మార్పునుబట్టియే రెండక్షరములను వేరుపరచును.

ఫ్లాంజర్ ఏమి చేయును? ఒక నాదమును దాని ప్రతితో సమపాళ్ళలో, 1 మిల్లీసెకను ఆలస్యముతో కలిపినచో, 500, 1500, 2500, 3500 హెర్ట్జుల యొద్ద రెండును ఒకదానినొకటి రద్దుచేసికొనును. వర్ణపటమును చిత్రించి చూచిన దువ్వెన పండ్లవలె ఖాళీలు కనబడును. ఆలస్యము 2 మిల్లీసెకనులు కాగానే ఆ ఖాళీలు 250, 750, 1250, 1750 హెర్ట్జులకు జారును. అనగా డోలకము ఊగినంతసేపు 2500 నుండి 1250 వరకు ఒక ఖాళీ, 3500 నుండి 1750 వరకు వేరొక ఖాళీ దువ్వెనవలె గీచుకొని పోవుచుండును. 'ళ'కారపు గురుతు ఉండవలసిన చోటనే ఆ ఖాళీ పడినచో అక్షరము మాయును. ఖాళీయే లేని చోట గురుతును భ్రమింపజేసినను చేయును. మా చరణమున జరిగినది ఇదియే యని మేము నమ్ముచున్నాము. రద్దయిన భాగమును మరల తెచ్చుట సాధ్యము కాదు. డోలకము ఆ క్షణమున ఎచ్చట నున్నదో వ్రాసిపెట్టినవారు లేరు కనుక వెనుకకు లెక్కించుటయు అసాధ్యప్రాయము.

కోరస్ వలని నష్టము వేరు. స్పర్శవర్ణముల స్ఫోటనము కొలది మిల్లీసెకనులలో ముగియును. 'క', 'ఖ'ల భేదము, 'త', 'ట'ల భేదము ఆ స్ఫోటనమునందును, దానిని వెన్నంటు స్వల్పకాలమునందును ఉండును. 25 మిల్లీసెకనుల తరువాత అదే స్ఫోటనము రెండవమారు వినబడినచో హల్లు మొద్దుబారును. అల్పప్రాణము మహాప్రాణమువలె తోచును. ద్విత్వము ఉన్నదో లేదో తెలియదు. మాత్రాఛందస్సును విచారించు పరిశోధకునకు ఇది అల్పమైన హాని కాదు.

సంగీతదృష్టితో మరియొక లెక్క. ఆలస్యమును ఊపు ప్రక్రియలలో శ్రుతి ఎంత మారునో తెలిసికొనుటకు సూత్రమొకటి కలదు: వేగమును లోతుతో గుణించి, దానిని మరల 6.28తో గుణింపవలెను. వేగము సెకనునకు 1 ఊపు, లోతు నడిమికి ఇరువైపుల 2 మిల్లీసెకనులు, అనగా 0.002 సెకను, అయినచో ఫలము 0.0126. శ్రుతి నూటికి 1.26 వంతు మారినది. సెంట్లలో సుమారు 22. మన శాస్త్రమున 81:80 నిష్పత్తిగల ప్రమాణశ్రుతి సుమారు 21.5 సెంట్లు. కావున మెత్తనిదని తలపబడు ఒక సామాన్య కోరస్ ప్రతినాదమును ఒక ప్రమాణశ్రుతి పైకి, ఒక ప్రమాణశ్రుతి క్రిందికి నిరంతరముగా లాగుచుండును! శ్రుతిభేదములను విచారించుటకు అట్టి ముద్రణము ఎందుకు పనికివచ్చును? వేగమును మాత్రము 5కు పెంచి, లోతును అట్లే యుంచినచో మార్పు 105 సెంట్లు. అది షడ్జమునకును శుద్ధరిషభమునకును నడుమగల దూరమునకు ఇంచుమించు సమానము. లోతు మీటను తాకకున్నను వేగము పెంచిన కొలదియు లోతు పెరుగునను ఈ రహస్యమును చాలమంది ఎరుగరు.

గమకమునకును డోలకమునకును భేదము

వేగము, లోతు, ఆకృతి యను మూడు గుణములు సమానమైనప్పుడు గమకమును యంత్రకంపనమును ఒకటియే కదా యని కొందరు అడుగవచ్చును. కాదు. గాయకుడు అచ్చుపై కంపించును; హల్లుపై కంపింపడు. పదము ముగియుచోట కంపము ముగియును. దీర్ఘమున విప్పి, హ్రస్వమున ముడుచును. దుఃఖము చెప్పునెడ నెమ్మదిగా, హెచ్చరిక చెప్పునెడ త్వరగా ఊపును. డోలకమునకు అచ్చు హల్లు తెలియవు. పదము ఎచ్చట విరుగునో తెలియదు. వృద్ధుడు ఊపిరి తీసికొనునప్పుడు సైతము అది ఊగుచునే యుండును. గమకము అర్థము నెరిగిన కంపము. డోలకము అర్థము నెరుగని కంపము. దీక్షితులవారి అలగీత గాయకునకు సూచన యనియు, తెరపై అలగీత యంత్రమునకు ఆజ్ఞ యనియు మేము పైని చెప్పినది ఈ భావముననే.

ఈ భేదమును తరగతిలో చూపుటకు సులభమైన ప్రయోగము కలదు. సాఫ్టువేరులో ఒక శుద్ధస్వరమును సృష్టించి, దానికి సెకనునకు 5 ఊపులు, 50 సెంట్ల లోతుగల వైబ్రాటో నీయవలెను. ప్రక్కన ఒక గాయకుని దీర్ఘమైన 'ఆ'కారమును, మూలముద్రణమునుండి, ఉంచవలెను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు పండితులు బోర్స్మా, వీనింక్ నిర్మించిన ప్రాత్ అను ఉచిత సాఫ్టువేరులో రెంటి శ్రుతిరేఖలను గీయించి చూడవలెను. మొదటిది ఒకే అచ్చులో పోసిన అలల వరుస. రెండవదానిలో ఏ రెండు అలలును సమానముగా నుండవు. విద్యార్థికి అప్పుడు గమకమననేమో కంటికి కనబడును. యంత్రకంపనము పరిశోధనకు పనికివచ్చు తీరు ఇది: పూతగా కాదు, కొలబద్దగా.

ఉపయోగింపదగిన విధము

ఈ ప్రక్రియలను సర్వథా విడువుమని మేము చెప్పుట లేదు. నాటకమునకు, బోధనచిత్రమునకు, నూతనగీతమునకు ఇవి తగిన అలంకారములే. అట్లు వాడునప్పుడు కొన్ని నియమములు మేలు చేయును.

సాహిత్యము పలుకు కంఠమును తాకరాదు. తంబురశ్రుతికిని, వెనుకటి వాద్యములకును మాత్రము కంపము నీయవలెను. వేగము సెకనునకు అర ఊపు, లోతు 2 మిల్లీసెకనులైనచో శ్రుతిభేదము 11 సెంట్లు. అది ప్రమాణశ్రుతిలో సగము. నేపథ్యమునకు అంత చాలును. మారిన నాదపు పాలు నాలుగవ వంతును మించకున్న మంచిది.

ట్రెమొలోను తాళమునకు కట్టదలచినచో లెక్క సులభము: నిమిషమునకు 90 దెబ్బలైనచో సెకనునకు 1.5 ఊపులు. కాని జానపదగానమున లయ స్థిరముగా నుండదు. చెక్కభజనలో చివరకు వచ్చుసరికి వేగము పెరుగును. స్థిరవేగముగల డోలకము గాయకులతో కలియక ఎడమొగము పెడమొగమై పోవును. అట్టి గేయమునకు తాళబద్ధమైన కంపము తగదు.

కుడియెడమలుగా పరచిన కోరస్‌ను ఒకే పేటికగల ఫోనులో తప్పక విని చూడవలెను. రెండు ప్రక్కలును ఒకటిగా కలియునప్పుడు పైని చెప్పిన దువ్వెన ఖాళీలు ఏర్పడి నాదము పలుచనగుట కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, మార్పును ప్రతిపై చేయవలెను గాని మూలముపై చేయరాదు. పూర్వము ఆడాసిటీలో ప్రక్రియను జోడించినచో అది ముద్రణముననే కలిసిపోయెడిది. 2022లో వెలువడిన 3.2వ కూర్పునుండి ప్రక్రియను పైపొరగా నుంచి, వలసినప్పుడు తొలగించు వీలు కలిగినది. ఈ వీలును వాడుకొనుట మేలు. కాని దానిని నమ్మి మూలమును తుడిచివేయుట తగదు.

భాండాగారధర్మము

మూలముద్రణమునకు ధ్వనిభాండాగారముల అంతర్జాతీయసంఘమువారు కనీసము 48 కిలోహెర్ట్జులు, 24 బిట్లు అను ప్రమాణమును సూచించియున్నారు. అట్టి ఏకమార్గముద్రణము, కుదింపబడని వేవ్ రూపమున, సెకనునకు 1,44,000 బైట్లు. గంటకు సుమారు 518 మెగాబైట్లు. 64 గిగాబైట్ల చిన్న కార్డులో నూటికి పైగా గంటల గానము పట్టును. చోటు చాలదను మాట నేడు చెల్లదు.

విద్యార్థి సిద్ధాంతవ్యాసముతోపాటు మూడు వస్తువులను శాఖకు అప్పగింపవలెనని మా సూచన. ఒకటి, ఏ మార్పును లేని మూలముద్రణము. రెండు, వినికిడికై సవరించిన ప్రతి యున్నచో అది. మూడు, ఆ ప్రతియందు ఏ ప్రక్రియను, ఏ వేగముతో, ఏ లోతుతో, ఏ పాళ్ళలో వాడినది తెలుపు చిన్న పట్టిక. లిఖితప్రతిని పరిష్కరించు పండితుడు తాను సవరించిన అక్షరమును అధస్సూచికలో చూపును. ధ్వనిప్రతికిని అదే ధర్మము వర్తించును. మూడవ పట్టిక లేని రెండవ ప్రతి, పాఠాంతరములు చూపని ముద్రితగ్రంథము వంటిది; మొదటిది లేని రెండవది, కాల్చివేసిన తాళపత్రమునకు నకలు వంటిది.

మా చరణము సంగతి ఏమైనది? దానిని మేము 'కళలు' అని గాని, 'కలలు' అని గాని ప్రకటింపలేదు. ఆ స్థానమున రెండు పాఠములను ప్రక్కప్రక్కన వ్రాసి, సందిగ్ధమని గుర్తుపెట్టితిమి. పాడినవానికి ఆ సందిగ్ధము లేదు. వానికి గేయము తేటనీటివలె తెలిసియుండెను. సందేహమును కల్పించినది మన చేతిలోని మీట. ఆ సీమలో అట్టి గేయములు తెలిసిన వృద్ధులు ఇంకను కలరు. వారి యొద్దకు పోవు విద్యార్థి చేత మంచి యంత్రముతోపాటు ఈ స్వల్పజ్ఞానమును పంపుట అధ్యాపకులమైన మన బాధ్యత.